కలువకొలనులో ముక్కుపురుగు



ముక్కుపురుగు అనగానే మనకు బియ్యం డబ్బా గుర్తొస్తుంది. గోదావరి జిల్లాల వాళ్లకైతే కొబ్బరిచెట్టును లోపల్నుంచి గుల్లచేసే ఎర్రముక్కు పురుగు గుర్తొస్తుంది. రెండింటి మీదా మనకు కోపమే. ఇవాళ నేను మాట్లాడబోయేది వాటి చుట్టాల్లోనే ఒకదాని గురించి. కొలిస్తే 2 మిల్లీమీటర్లు ఉంటుందంతే. 1983-84లో అది బెంగళూరులో ఒక కలువకొలనును బాగుచేసింది. వలలూ గంపలూ పట్టుకుని మనుషులు చెయ్యాల్సిన పనిని 11 నెలల్లో తనే ముగించింది. తోటలో కొలను ఉండి, అది కలుపుతో నిండిపోయిందని తలపట్టుకునే వాళ్లకు పనికొచ్చే కథ ఇది.

ఆ కొలనును కమ్మేసిన కలుపు పేరు సాల్వీనియా. నీటిమీద తేలే ఫెర్న్ మొక్క. పువ్వు పూయదు, కాయ కాయదు. నీళ్లలోకి కుచ్చులా వేలాడేవి చూస్తే వేళ్లనుకుంటాం గాని, అవి కూడా రూపం మారిన ఆకులే. పై ఆకుల మీద సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగులో నాలుగేసి వెంట్రుకల కొసలు ఒకచోట కలుసుకుని ఉంటాయి. అందువల్ల నీటిచుక్క ఆకును తడపలేక జారిపోతుంది. చేత్తో నొక్కి ముంచినా మళ్లీ పైకి తేలుతుంది. ఖాళీ ఉన్నన్నాళ్లూ ఆకులు పరుచుకుని పెరుగుతాయి. ఖాళీ తగ్గేసరికి ముడుచుకుని నిలబడి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మందంగా పొర కడతాయి. ఆ పొర కింద వెలుతురుండదు. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. కలువ లేతాకు అడుగు నుంచి పైకి రావాలంటే దారి ఉండదు.

ఈ మొక్కకు సంతానం గింజల వల్ల కలగదు. కణాల్లో క్రోమోజోములు జతలుగా కుదరవు కాబట్టి దాని సిద్ధబీజాలు మొలకెత్తవు. ముక్క విరిగితే మొక్క, అంతే దాని పద్ధతి. దంతెతో లాగితే మనమే వంద ముక్కలు చేసి వంద మొక్కలకు పురుడు పోసినవాళ్లమవుతాం. అన్నీ అనుకూలిస్తే వారం, పది రోజుల్లో రెట్టింపవుతుంది. లెక్క వేసి చూడండి. 64 చదరపు మీటర్ల కొలనులో అంతా తీసేసి, గట్టువార ఒక్క చదరపు మీటరు వదిలేశామనుకుందాం. ఆరుసార్లు రెట్టింపైతే మళ్లీ కొలను నిండిపోతుంది. అంటే ఆరు నుంచి తొమ్మిది వారాలు. కూలి డబ్బులిచ్చి శుభ్రం చేయించిన వాళ్లు రెండు నెలలకే అదే కొలనును చూసి, పనివాళ్లు సరిగ్గా చెయ్యలేదని అనుకోవడం దీనివల్లే. పాపం, వాళ్ల తప్పేమీ లేదు.

దీని సొంత ఊరు ఆగ్నేయ బ్రెజిల్. అందంగా ఉంటుందని, చదువుకోడానికి పనికొస్తుందని తోటలవాళ్లూ కాలేజీలవాళ్లూ తలోచోటికీ తీసుకెళ్లారు. శ్రీలంకకు 1939లో కొలంబో విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం ద్వారా వచ్చింది. ఆఫ్రికాలో జాంబెజీ నదికి అడ్డంగా కట్టిన కరీబా జలాశయంలో 1962 నాటికి 1,000 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంది. మన కేరళలో కాలువల్లో పడవలు కదలనివ్వలేదు, కుట్టనాడు వరిపొలాల్లో నాట్లు పడనివ్వలేదు. అక్కడివాళ్లు దాన్ని ఆఫ్రికన్ పాయల్ అన్నారు. పాపం ఆఫ్రికాకు దానితో ఏ చుట్టరికమూ లేదు, అదీ దాని బాధితురాలే.

మందులు కొట్టారు, యంత్రాలు పెట్టారు. ఇంకోవైపు శాస్త్రవేత్తలు దాని పుట్టినచోట దాన్ని తినే పురుగులేవో వెతకడం మొదలుపెట్టారు. ఇక్కడే పెద్ద పొరపాటు జరిగింది. ఈ మొక్కను చాలా ఏళ్లపాటు దాని దగ్గరి బంధువైన సాల్వీనియా ఆరిక్యులేటా అనుకున్నారు. ఆ బంధువు పెరిగే ట్రినిడాడ్‌కు వెళ్లి, దాన్ని తినే పురుగులను పట్టుకొచ్చి వదిలారు. అలా వచ్చిన మిడత ఒకటి 1974లో కేరళకూ చేరింది. బతికింది గాని కలుపును అదుపు చెయ్యలేకపోయింది. ఇది వేరే మొక్క అని 1972లో మిచెల్ అనే శాస్త్రవేత్త తేల్చి సాల్వీనియా మొలెస్టా అని పేరుపెట్టాడు. అసలు ఊరు బ్రెజిల్ అని 1978లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. అక్కడి మొక్కల మీద దొరికింది మన ముక్కుపురుగు. ట్రినిడాడ్‌లో దొరికిన ముక్కుపురుగుకూ దీనికీ పైకి తేడా కనిపించదు. 1985లో గాని ఇది వేరే జాతి అని పేరు పెట్టలేదు. సిర్టోబాగస్ సాల్వీనియే అన్నారు. పేరు పెట్టకముందే అది తన పని చేసి చూపించింది. 1980లో ఆస్ట్రేలియాలో మూండారా అనే జలాశయంలో వదిలితే, ఏడాదికి కాస్త పైన అక్కడి సాల్వీనియా అంతా కుళ్లి మునిగిపోయింది. 1985లో ఈ పనికి యునెస్కో విజ్ఞాన బహుమతి కూడా వచ్చింది.

పెద్ద పురుగు లేత మొగ్గలు తింటుంది. పిల్లపురుగు కాండంలోకి తొలుచుకుపోతుంది. మొగ్గ పోతే మొక్కకు ముందుకు పోయే దారి లేదు, కాండం పోతే తేలే బలం లేదు. గోధుమరంగుకు తిరిగి, నానిపోయి, అడుగుకు చేరుతుంది.

పాపువా న్యూ గినీలో జరిగిందైతే నాకు మహా ఇష్టమైన ముచ్చట. అక్కడ సెపిక్ నది ఒడ్డున కొన్ని పల్లెల వాళ్లు పడవలు నడవక ఊళ్లే వదిలిపెట్టే పరిస్థితి వచ్చింది. పురుగును తెచ్చి వదిలితే మొదట్లో నిలదొక్కుకోలేదు. ఏమిటా అని చూస్తే, ఆ నీళ్లలో నత్రజని తక్కువ. మొక్క బలహీనంగా ఉంది, దాన్ని తిన్న పురుగుకు పిల్లల్ని కనే శక్తి చాలడం లేదు. అప్పుడు ఏం చేశారో తెలుసా? కలుపుకు యూరియా వేశారు! బలిమేకను మేపినట్టు దాన్ని మేపారు. కలుపు ఏపుగా పెరిగింది, పురుగు బలిసింది, సంఖ్య పెరిగింది, ఆ తర్వాత ఎరువు అవసరం లేకుండానే నది అంతా పాకింది. కలుపు సంగతి నత్రజని సంగతే అని ఇంత తేటగా చెప్పిన ఉదాహరణ ఇంకోటి నాకు కనబడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, బెంగళూరు చెరువుల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

మన దేశానికి ఈ పురుగు 1982లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. తెచ్చింది బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ. పురుగులతో పురుగులనూ కలుపునూ అదుపు చేసే విద్యకు ఈ ఊరు పాత కేంద్రమే. కామన్వెల్త్ జీవనియంత్రణ సంస్థ భారత కేంద్రం 1957లో ఇక్కడే మొదలైంది. ఇవాళ జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉన్నదీ ఇక్కడే, హెబ్బాళ్ దగ్గర. పరాయి పురుగును తెచ్చి వదలడమంటే ఎవరికైనా గుండె దడే. చెరకు తోటల్లో పురుగులను తింటుందని 1935లో ఆస్ట్రేలియా తెచ్చుకున్న గోదురుకప్ప చివరికి ఆ దేశానికే తలనొప్పి అయింది. అందుకే ముందుగా పురుగును బంధించి, మన పంటమొక్కలూ నీటిమొక్కలూ దాని ముందు పెట్టి, వేటి మీద బతుకుతుందో చూశారు. సాల్వీనియా మీద తప్ప దానికి బతుకు లేదని తేలాకే బయటికి వదిలారు.

ఆ బయటి చోటే మన కలువకొలను. ఇక్కడి ప్రయోగాన్ని రాసిపెట్టిన శాస్త్రవేత్త కె.పి. జయంత్. పురుగును వదిలిన 11 నెలలకు సాల్వీనియా కుప్పకూలింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు. కలుపు కింద అణగిపోయి ఉన్న కలువలు మళ్లీ ఆకులేసి పైకొచ్చాయి. పురుగు వాటి జోలికి పోలేదు. పెద్ద జలాశయాల కంటే ఈ చిన్న కొలను కథే నాకు ఎక్కువ నచ్చుతుంది. తీసెయ్యవలసింది ఏదో, ఉంచవలసింది ఏదో రెండూ ఒకే నీళ్లలో ఉన్నాయి. తేడా తెలిసినవాడికే ఆ పని అప్పజెప్పారు.

ఇదే పురుగు కేరళ వెళ్లింది. కొన్నేళ్లలో అక్కడి కాలువలూ పొలాలూ తెరిపిన పడ్డాయి. వరిపొలంలో ఈ కలుపును చేత్తో తీయించడానికి హెక్టారుకు 235 రూపాయలయ్యేది. ఆ ఖర్చు తప్పడం వల్ల ఏటా 68 లక్షల రూపాయలు మిగిలాయని ఆనాటి లెక్క. ఈమధ్య ఏళ్లలో మధ్యప్రదేశ్‌లో సార్ణీ దగ్గర సాత్పురా జలాశయానికీ ఇదే కలుపు పట్టింది. జబల్‌పూర్ కలుపు పరిశోధనా సంస్థవాళ్లు అక్కడా ఈ పురుగునే వాడారు.

మరి ఇంత గొప్ప విద్య చేతిలో ఉండి, బెంగళూరు చెరువులన్నీ ఎందుకు పచ్చగా కమ్ముకుపోయి ఉన్నాయి అని మీరడగవచ్చు. అడగాల్సిందే.

చెరువుల్లో ముఖ్యమైన కలుపు సాల్వీనియా కాదు, గుర్రపుడెక్క. కొల్లేరులో, హైదరాబాద్ చెరువుల్లో, డెల్టా కాలువల్లో మనం రోజూ చూసేదే. ఊదారంగు పువ్వు, ఉబ్బిన తొడిమ. అదీ దక్షిణ అమెరికాదే. దానికీ ముక్కుపురుగులున్నాయి. రెండు జాతులను 1980ల మొదట్లో బెంగళూరు ఉద్యాన సంస్థే తెచ్చి ఇక్కడి చెరువుల్లో వదిలింది. కొన్ని చెరువుల్లో మూడు, నాలుగేళ్లలో కలుపు బాగా తగ్గింది కూడా. అయితే గుర్రపుడెక్కకు గింజలున్నాయి. బురదలో పడి 15, 20 ఏళ్ల దాకా ప్రాణంతో ఉంటాయి. అంతకంటే పెద్ద సంగతి మురుగు. చెరువులోకి రోజూ ఊరి మురుగు దిగుతుంటే, అందులోని నత్రజనీ భాస్వరమూ తిని కలుపు పురుగుకంటే వేగంగా పెరుగుతుంది. పురుగు మొక్కను తింటుంది, మురుగును తినదు.

బెళ్లందూరు చూశాం కదా. బెంగళూరులోకెల్లా పెద్ద చెరువు. 2015లో, 2017లో, 2018 జనవరిలో నీళ్ల మీద మంటలు లేచాయి. తెల్లటి నురగ రోడ్ల మీదికి ఎగిరింది. ఏళ్ల తరబడి ఎన్ని లారీల గుర్రపుడెక్క ఎత్తినా, పైన దిగే మురుగు ఆగనంతకాలం ఎత్తినవాళ్లకు పని తప్పలేదు. దానికి ఎదురుగా జక్కూరు చెరువు పెట్టి చూడండి. అక్కడ మురుగు ముందు శుద్ధి కేంద్రానికి వెళ్తుంది, అక్కడినుంచి జమ్ము పెరిగిన చిత్తడినేల గుండా పారి, మిగిలిన పోషకాలను ఆ మొక్కలకు వదిలి చెరువులోకి దిగుతుంది. అయినా ఆ జమ్మునూ కలుపునూ అప్పుడప్పుడూ కోసి బయటికి పారెయ్యాల్సిందే. కొయ్యకపోతే అవి చచ్చి, తిన్నదంతా మళ్లీ నీళ్లకే అప్పజెబుతాయి.

ఇక మన ఇళ్లకు వద్దాం. బెంగళూరులో పాత బంగళాల తోటల్లోనూ, కొత్త అపార్ట్‌మెంట్ల లాన్‌ల మధ్యలోనూ, డాబా మీద సిమెంటు తొట్లలోనూ కలువలు పెంచే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీ కొలను పచ్చగా కమ్ముకుపోయిందంటే, గంప పట్టుకుని దిగేముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. అపార్ట్‌మెంట్లలో తరచూ కనిపించేది ఇదే. శుద్ధి చేసిన మురుగునీరు తోటకు మంచిదే, మొక్కలకు ఎరువులాగా పనిచేస్తుంది కూడా. ఆ గొట్టాన్నే తీసుకొచ్చి కొలనులో పెడితే మాత్రం ఆ ఎరువు నాచుకూ కలుపుకూ పడుతుంది. లాన్‌కు వేసిన యూరియా మొదటి వానకు జారి కొలనులో పడుతుంది. చేపలకు పిల్లలు సరదాగా వేసే మేతలో సగం అడుగున కుళ్లుతుంది. ఫిబ్రవరి, మార్చిలో టబెబూయా పూలు రాలుతుంటే ఫొటోలకు బాగానే ఉంటుంది గాని, కొలను మీద పడ్డవాటిని రోజూ వలతో తీయండి. నిద్రగన్నేరు ఆకులకైతే చిన్న కన్నుల వల కావాలి.

కుళాయిలో వచ్చే కావేరి నీళ్లతో నింపుదామంటే, 2024 మార్చిలో నీటికి కటకట వచ్చినప్పుడు తాగునీళ్లు తోటకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి చెప్పింది. కొలనుకు అన్నిటికంటే మంచివి వాననీళ్లు. పెద్ద స్థలాల్లో వాననీటి నిల్వ 2009 నుంచి తప్పనిసరి. ఆ తొట్టి నుంచి ఒక గొట్టం ఇటు తిప్పుకుంటే సరి. కుళాయి నీళ్లే గతి అయితే ఒక రోజు డ్రమ్ములో నిలవుంచి పొయ్యండి, క్లోరిన్ పోతుంది. చేపలున్న కొలనులో నీళ్లన్నీ ఒకేసారి మార్చకండి.

తీసే పని మొదలుపెట్టడానికి ఫిబ్రవరి మంచి నెల. తొలకరికి కప్పలు గుడ్లు పెట్టేలోపల బురద కదిలించే పని అయిపోవాలి. కలువలూ జమ్మూ లాంటివి ఒత్తుగా పెరిగితే ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం తీయండి. తీసినదాన్ని గట్టునే ఒక రాత్రి ఉంచితే తూనీగ పిల్లలూ నత్తలూ మళ్లీ నీళ్లలోకి పాకిపోతాయి. తూనీగ పిల్లలు దోమపిల్లల్ని తింటాయి, వాటిని చంపుకోవడం మనకే నష్టం. మర్నాడు మాత్రం ఆ కుప్పను గట్టు మీంచి తీసెయ్యాలి. అక్కడే కుళ్లనిస్తే ఊట అంతా కొలనులోకే దిగుతుంది.

సాల్వీనియా, గుర్రపుడెక్క, అంతరతామర, ఈ మూడు తేలే మొక్కల్లో ఏది పడినా సగం సగం పద్ధతి పనికిరాదు. ఒక్క ముక్క మిగలకుండా తీయాలి. దంతె వద్దు, చిన్న కన్నుల వలతో మెల్లగా ఎత్తండి. రాళ్ల సందులూ, కుండీల అంచులూ, పంపు జాలీ వెతకండి. తర్వాత రెండు నెలలపాటు వారానికోసారి కొలను చుట్టూ నడిచి, కనబడిన ముక్కనల్లా ఏరండి. తీసింది డాబా మీద ఎండబెట్టి, గలగలలాడాక ఎరువుగుంతలో వెయ్యండి. గుర్రపుడెక్కలో 95 శాతం దాకా నీళ్లే, ఎండితే గంప పిడికెడవుతుంది. ఈ మూడింటి పనిని ఇంటికొలనులో పురుగుకు అప్పజెప్పనక్కర్లేదు. పది గజాల నీళ్లలో మన చెయ్యి అన్నిచోట్లకూ చేరుతుంది. చెయ్యి చేరని చెరువులకే పురుగు కావాలి.

అంతరతామర విషయంలో ఇంకో మాట. మాన్సోనియా అనే దోమ పిల్లలు గాలి కోసం నీటిపైకి రావు. ఈ తేలే మొక్కల వేళ్లకు గొట్టం గుచ్చి అక్కడినుంచే పీల్చుకుంటాయి. కేరళ తీరంలో బోదకాలు వ్యాపించడంలో వీటి పాత్ర ఉంది. దోమల కోసం చేపలు వెయ్యాలనుకుంటే గాంబూసియా వద్దు. 1928లో మన దేశానికి తెచ్చిన ఆ చేప దోమపిల్లలతోపాటు కప్పపిల్లలనూ తినేస్తుంది. గప్పీలు నయం. అయితే అవీ పరాయివే, ఎక్కువయ్యాయని చెరువులో వదలకండి. అక్వేరియం దుకాణంలో అందంగా ఉన్నాయని కొన్న తేలే మొక్కలకూ ఇదే మాట.

అడుగు బురద అంతా ఒకేసారి ఎత్తకండి. పైన కలుపు పోయి వెలుతురు పడ్డాక, అందులో మిగిలున్న కలువ దుంపలు మొలకెత్తడానికి ఒక వేసవి సమయమివ్వండి. అప్పటికీ రాకపోతే పూడిక తీయవచ్చు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు చెరువు మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. మీ కొలను మట్టికీ మీ గులాబీ కుండీల్లో అదే విలువ. మందులు కొట్టిన కొలనైతే మాత్రం ఆ మట్టిని కూరగాయలకు వాడకండి.

జూన్ వానలకు కొలను పొంగే తూము ఎటు పోతుందో ఒకసారి చూసుకోండి. బెంగళూరులో అది వీధి కాలువలోకి, అక్కడినుంచి రాజకాలువలోకి, అక్కడినుంచి ఏదో ఒక చెరువులోకి పోతుంది. మీ కలుపు ముక్కలు అక్కడికి చేరకుండా తూము మూతికి సన్న కన్నుల స్టీలు జాలీ బిగించి, వాన పడ్డ మర్నాడల్లా దానికి పట్టిన చెత్త తీసెయ్యండి. మే నెలలోనే బిగించుకుంటే మంచిది.